నది దాటితే గంట మారుతుంది: ఉత్తర యూరప్ సరిహద్దు సహకారంపై అపోహలు - వాస్తవాలు

స్వీడన్ ఉత్తరాన సరిహద్దు ప్రాజెక్టుల్లో పనిచేస్తాను. స్వీడన్, ఫిన్లాండ్, నార్వేలకు చెందిన మున్సిపాలిటీలు, యూనివర్సిటీలు, చిన్న కంపెనీలు కలిసి చేపట్టే పనులకు బడ్జెట్లు, ఒప్పందాలు, రిపోర్టులు చూడటం నా ఉద్యోగం. ఆర్కిటిక్ అనగానే మనవాళ్లకు మంచుగడ్డలు, జలాంతర్గాములు, చమురు కోసం కొట్లాటలు గుర్తొస్తాయి. నా బల్ల మీదకు వచ్చేవి ఇన్‌వాయిస్‌లు. తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఆర్కిటిక్ వ్యవహారాలన్నీ ఆర్కిటిక్ కౌన్సిలే చూసుకుంటుంది

2013లో భారత్‌కు పరిశీలక హోదా దక్కినప్పటి నుంచి ఈ పేరు మన పత్రికల్లోనూ కనిపిస్తోంది. 1996లో ఒట్టావా ప్రకటనతో ఏర్పడిన ఈ కౌన్సిల్‌లో ఎనిమిది దేశాలు, ఆరు ఆదివాసీ సంస్థలు కూర్చుంటాయి. పర్యావరణం మీద వాళ్లు తెచ్చే నివేదికలకు తిరుగులేదు. సైనిక విషయాలు మాత్రం వాళ్ల పరిధిలోనే లేవు. ఫలానా ఊరి మురుగునీరు ఎటు పోవాలో కూడా వాళ్లు చెప్పరు.

అది చెప్పేది ఆ ఊరి మున్సిపాలిటీయే. సరిహద్దు నది పక్కన తోర్నియో ఫిన్లాండ్‌లో ఉంది, దాన్ని ఆనుకుని హపరాండా స్వీడన్‌లో ఉంది. 1809లో స్వీడన్ యుద్ధంలో ఓడి ఫిన్లాండ్‌ను రష్యాకు వదులుకున్నప్పుడు తోర్నియో అటువైపు పోయింది. దాని బదులు స్వీడన్ ఇవతల హపరాండాను కట్టుకుంది. ఇప్పుడు ఈ రెండు ఊళ్ల మురుగునీరు హపరాండా వైపున్న ఒకే శుద్ధి కేంద్రానికి చేరుతుంది. 1987 నుంచి రెండు మున్సిపాలిటీలకూ ఉమ్మడి సంస్థ ఉంది. ఫొటోలకు, ప్రసంగాలకు పనికొచ్చే విషయం కాదు గానీ, సరిహద్దు సహకారం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ శుద్ధి కేంద్రం గురించే.

అపోహ: షెంగెన్ వచ్చాక ఇక్కడ సరిహద్దే లేదు

షెంగెన్ అంటే యూరప్ దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఒప్పందం. పాస్‌పోర్టు చూసేవాళ్లు మామూలు రోజుల్లో లేని మాట నిజమే. నార్డిక్ దేశాల (స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, వాటి ఉత్తర యూరప్ పొరుగుదేశాల) పౌరులకు 1954 నుంచే ఉమ్మడి కార్మిక మార్కెట్ ఉంది, షెంగెన్ ఇక్కడ అమలైంది 2001లో. కానీ గేటు ఎత్తేసినంత తేలిగ్గా రూల్సు కలవవు.

అన్నిటికన్నా చిన్నది గడియారం. ఫిన్లాండ్ స్వీడన్ కంటే గంట ముందుంటుంది. మీటింగ్ పదింటికి అంటే సరిపోదు, ఎవరి పది అన్నది కూడా రాయాలి. రాయకపోతే సగం మంది ముందే వచ్చి కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఫిన్లాండ్‌లో యూరో, స్వీడన్‌లో క్రోనా, కాబట్టి బడ్జెట్ షీట్‌లో మారకం రేటుకు ఎప్పుడూ ఒక గడి ఉంటుంది.

అసలు తలనొప్పి జీతం దగ్గర మొదలవుతుంది. తోర్నియోలో ఇల్లు, హపరాండాలో ఉద్యోగం ఉన్న మనిషిని తీసుకోండి. మామూలుగా ఎక్కడ పనిచేస్తే అక్కడి సామాజిక భద్రత (పింఛను, వైద్యం లాంటివి) వర్తిస్తుంది. ఆ మనిషి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తే? యూరోపియన్ రూలు ప్రకారం పనిలో 25 శాతం గానీ ఆపైన గానీ ఇంటి దేశంలో జరిగితే లెక్క ఇంటి దేశానికి మారిపోతుంది. అంటే వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచిన పాపానికి స్వీడన్ యజమాని ఫిన్లాండ్‌లో చందాలు కట్టాలి. కోవిడ్ తర్వాత ఇంటి పని మామూలైపోయి అందరూ మొత్తుకుంటే, 2023 జులై నుంచి ఒక ఒప్పందం వచ్చింది. ఈ మూడు దేశాలూ సంతకం పెట్టాయి. ఇంటి పని 50 శాతం లోపుంటే, దరఖాస్తు పెట్టుకుని యజమాని దేశంలోనే కొనసాగవచ్చు. దరఖాస్తు పెట్టాలని తెలియనివాళ్లు మాత్రం ఇప్పటికీ నాకు ఎదురవుతూనే ఉంటారు.

ఇలాంటి అడ్డంకులను ఏరి తీయించడానికి నార్డిక్ మంత్రుల మండలి 2014 నుంచి ప్రత్యేకంగా ఒక కౌన్సిల్ నడుపుతోంది. ఒకటి తీయిస్తే ఇంకొకటి పుడుతుంది. ఒక దేశంలో చట్టం రాసేవాళ్లకు పక్క దేశం గుర్తుకు రాకపోవడమే దీనికి కారణం. కుట్రలేమీ లేవు.

సరిహద్దు ఉందన్న సంగతి 2020లో అందరికీ కళ్లకు కట్టింది. కోవిడ్ వేళ ఫిన్లాండ్ రాకపోకలు బిగించేసరికి ఈ జంట పట్టణాల మధ్య కంచె లేచింది. అక్కడి పిల్లలు అంతకుముందు అలాంటిది చూసి ఎరగరు.

అపోహ: రైలు పట్టాలు వేస్తే చాలు, వ్యాపారం అదే పెరుగుతుంది

పట్టాలు ఉన్నాయి. కాకపోతే ఫిన్లాండ్‌లో గేజ్ 1,524 మిల్లీమీటర్లు, స్వీడన్‌లో 1,435. ఫిన్లాండ్ రైల్వే పుట్టింది రష్యా పాలనలో, ఆ కొలత అలాగే ఉండిపోయింది. తేడా 89 మిల్లీమీటర్లే. మూడో పట్టా ఇరికించడానికి కూడా చోటు చాలదు. అందుకే తోర్నియో, హపరాండా మధ్య ఒకే దారిలో నాలుగు పట్టాలు వేశారు. సరుకు మాత్రం సరిహద్దు దగ్గర బండి మారాల్సిందే. మీటర్‌గేజ్ పీకి బ్రాడ్‌గేజ్ వేసిన రోజులు గుర్తున్న మనవాళ్లకు ఇది ఎంత ఖర్చో, ఎన్నేళ్ల పనో వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరం నుంచి మొదలుపెట్టి యూరప్ గేజ్‌కు మారే ప్రణాళికను ఫిన్లాండ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. నాటోలో చేరాక సైనిక అవసరం తోడవకపోతే ఇది ఇంకా ఫైల్లోనే ఉండేదని నా అనుమానం.

ఇంకోవైపు కిరునా ఇనుప ఖనిజం ఉంది. స్వీడన్ గనిలో తవ్విన ఖనిజంలో అధిక భాగం నార్వేలోని నార్విక్ రేవు నుంచి ఓడ ఎక్కుతుంది. స్వీడన్ వైపు సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది, నార్విక్ గడ్డకట్టదు. 2023 డిసెంబరులో ఒక ఖనిజ రైలు పట్టాలు తప్పితే ఆ మార్గం దాదాపు రెండు నెలలు మూతపడింది. తెరిచిన కొద్ది రోజులకే మరో రైలు తప్పింది. ఒంటి లైను కాబట్టి ఉత్తర నార్వేకు వెళ్లే కిరాణా సరుకు కూడా దాంతోపాటే ఆగింది.

అపోహ: ఈయూ డబ్బు ఊరికే వస్తుంది

సరిహద్దు ప్రాజెక్టులకు యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఇచ్చే డబ్బులో ఈ ప్రాంతానికి ఉన్న ప్రధాన నిధి ఇంటర్‌రెగ్ అరోరా. పద్ధతి ఏమిటంటే ముందు మీ జేబులోంచి ఖర్చు పెట్టాలి, లెక్కలు చూపాలి, తర్వాత తిరిగొస్తుంది. మీ వాటా ఎలాగూ మీరే వేసుకోవాలి. నార్వే ఈయూలో లేదు కాబట్టి దాని వాటా డబ్బు వేరే ఖాతా, వేరే రూల్సు. పెద్ద యూనివర్సిటీకి ఇది లెక్క కాదు. నలుగురు పనిచేసే కంపెనీకి మాత్రం ఆ నెలలు గడవడం కష్టం. మా ప్రాజెక్టుల్లో మంచి ఆలోచన ఉన్న చిన్నవాళ్లు తప్పుకునేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: అదంతా ఖాళీ నేల, ఏమైనా కట్టుకోవచ్చు

స్వీడన్ ఉత్తర కొసన ఉన్న నోర్బోటెన్ జిల్లా విస్తీర్ణంలో మన తెలంగాణకు కాస్త తక్కువ, జనం సుమారు 2.5 లక్షలు. మ్యాపులో ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఇక్కడి ఆదివాసులైన సామి ప్రజల రెయిన్‌డీర్ మందలు మేస్తాయి, ఋతువును బట్టి దేశాలు దాటుతాయి. ఆ దాటే హక్కును 1751లోనే సరిహద్దు ఒప్పందానికి అనుబంధంగా రాసిచ్చారు. 1972లో స్వీడన్, నార్వే చేసుకున్న మేత ఒప్పందం 2005లో ముగిసిపోయింది, కొత్తది కుదరక ఏళ్లు గడిచాయి. నార్వేలో ఫోసెన్ గాలిమరలు సామి హక్కులను ఉల్లంఘించాయని ఆ దేశ సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చింది. అప్పటికే మరలు తిరుగుతున్నాయి. పర్మిట్ చేతికొచ్చాక సామి గ్రామాలను అడుగుదాంలే అనుకునే ప్రాజెక్టును నేను చేపట్టను.

అపోహ: రష్యాతో ఇక మాటలే లేవు

నార్వేలో రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ ఊళ్లో 1993లో మొదలైన బారెంట్స్ సహకారం (ఉత్తర దేశాలూ రష్యా కలిసి నడిపిన వేదిక) నుంచి 2023 సెప్టెంబరులో రష్యా తప్పుకుంది. ముప్పయ్యేళ్లలో విద్యార్థులు, డాక్టర్లు, ఆటగాళ్లు కట్టుకున్న పరిచయాలు చాలావరకు తెగిపోయాయి. కిర్కెనెస్ వీధుల్లో రష్యన్ లిపిలో పేర్లున్న బోర్డులు ఉన్నాయి, చదివేవాళ్లు తగ్గారు. అయినా బారెంట్స్ సముద్రంలో కాడ్ చేపల కోటాను నార్వే, రష్యా ఏటా కలిసే తేలుస్తున్నాయి. 2025కు 3,40,000 టన్నులు. 1991 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. చేప ఎవరి జలాల్లో గుడ్లు పెట్టి ఎవరి జలాల్లో పెరుగుతుందో ఇద్దరికీ తెలుసు.

అపోహ: స్వీడన్ పర్మిట్ ఉంటే ఫిన్లాండ్‌లోనూ పని చేసుకోవచ్చు

స్వీడన్‌లోని లూలియో, ఫిన్లాండ్‌లోని ఔలు వైపు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. చెయ్యకూడదు. 1954 ఒప్పందం నార్డిక్ పౌరులకు. స్వీడన్ పర్మిట్ మీద ఉన్న భారతీయుడు నది దాటి తోర్నియోలో బిర్యానీ తిని రావచ్చు, అక్కడి వంటగదిలో పనికి కుదరాలంటే ఫిన్లాండ్ పర్మిట్ వేరే కావాలి. 2025 మార్చిలో బ్యాటరీల కంపెనీ నార్త్‌వోల్ట్ దివాలా తీసినప్పుడు దాని ఫ్యాక్టరీ ఉన్న స్వీడన్ ఊరు షెలెఫ్టియోలో ఈ తేడా చాలామందికి చేదుగా తెలిసొచ్చింది. మామూలు వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అప్పుడు ఉన్నది మూడు నెలల గడువు, అదీ స్వీడన్‌లోనే. అవతలి ఒడ్డున ఖాళీ ఉంటే, ముందు ఫిన్లాండ్ వలస శాఖకు దరఖాస్తు పెట్టుకోండి. జవాబు వచ్చేదాకా అక్కడ పనిలో చేరొద్దు, ఇక్కడి గడువు మాత్రం నడుస్తూనే ఉంటుందని గుర్తుంచుకోండి.