తుంటి విరిగిన మనిషి కంచంలో ఏముంది?

మా పెద్దమ్మ బాత్రూమ్ గడప దగ్గర కాలు జారి పడింది. 78 ఏళ్ళ మనిషి. లేవబోతే కుడికాలు కదల్లేదు. పాదం బయటికి తిరిగిపోయింది, ఆ కాలు రెండోదాని కంటే పొట్టిగా కనిపించింది. ఎక్స్‌రే తీయకముందే ఎముకల డాక్టరు "తుంటి దగ్గర విరిగిందమ్మా" అనేశాడు. ఇక ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. రాడ్ వేస్తారా, బాల్ మారుస్తారా? స్టీలా, టైటానియమా? ఎంతవుతుందట? ఇన్సూరెన్స్ ఉందా? అన్నీ అడిగారు గానీ, ఆవిడ పొద్దుట్నించి ఏమైనా తిన్నదా అని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు.

తినలేదు. పడిన రోజు కాఫీ తప్ప ఏమీ దిగలేదు. రాత్రి పన్నెండు తర్వాత మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. మర్నాడు 9 గంటలకన్న ఆపరేషన్ 11కి మారింది, తర్వాత 2కి. చివరికి ఏదో యాక్సిడెంట్ కేసు వచ్చిందని ఇంకో రోజుకి వాయిదా పడింది. సాయంత్రం రెండు ఇడ్లీలు పెడితే ఒకటి తిని పక్కకి నెట్టేసింది. మళ్ళీ అర్ధరాత్రి నుంచి నోరు కట్టేశారు. థియేటర్‌లోకి తీసుకెళ్ళేసరికి, పడినప్పటి నుంచి ఆవిడ కడుపులో పడింది ఒక ఇడ్లీ, రెండు కప్పుల కాఫీ. పెద్దమ్మ ఏకాదశికి కూడా ఇంత కఠినంగా ఉండేది కాదు.

తుంటి విరిగింది అంటాం గానీ, ఎక్కువగా విరిగేది తొడ ఎముక పైకొస. అంటే గుండ్రటి తలకి కింద ఉన్న మెడ, లేదా మెడకి కాస్త దిగువన ఉన్న బొడిపెల మధ్య భాగం. మెడ విరిగి పక్కకి జరిగితే వయసు మళ్ళిన వాళ్ళకి సాధారణంగా బాల్ మారుస్తారు. దిగువన విరిగితే రాడ్డో ప్లేటో వేసి బిగిస్తారు. ఈ పని ఇప్పుడు చాలా బాగా చేస్తున్నారు. అయినా పెద్దవయసులో తుంటి విరిగిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ఏడాది తిరగకుండానే పోతున్నారు. ఇది మన దగ్గరి సంగతే కాదు, బాగా డబ్బున్న దేశాల్లోనూ లెక్క దాదాపు ఇంతే. ఎముక అతక్క చనిపోవడం లేదు వీళ్ళు. ఎక్కువమందిని తీసుకుపోయేది ఊపిరితిత్తుల్లో చేరే నెమ్ము, గుండె జబ్బు, ఎక్కడో మొదలై రక్తంలోకి పాకే ఇన్ఫెక్షన్. ఎక్స్‌రేలో రాడ్ చక్కగా కూర్చునే ఉంటుంది, మనిషే ఉండరు.

ఈ మరణాలకి కారణాలు చాలా ఉన్నాయి. వయసు, మతిమరుపు, అప్పటికే ఉన్న గుండె, కిడ్నీ జబ్బులు, ఆపరేషన్ ఆలస్యం కావడం. వీటిలో చాలావాటిని మనం మార్చలేం. మార్చడానికి వీలున్న కొద్దిపాటి వాటిలో తిండి ఒకటి. విచిత్రం ఏమిటంటే, అందరం తక్కువగా పట్టించుకునేదీ అదే.

ఎముక విరిగిన క్షణం నుంచి ఒంట్లో ఒక ఎమర్జెన్సీ మొదలవుతుంది. కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. దెబ్బ తగిలిన చోటు నుంచి వాపు సంకేతాలు రక్తంలోకి వెళ్తాయి. తెల్ల రక్తకణాలు కొత్తగా పుట్టాలి, కోసిన చర్మం అతుక్కోవాలి, లివర్ రకరకాల ప్రోటీన్లు తయారు చేయాలి. అన్నిటికీ అమైనో ఆమ్లాలే ముడిసరుకు. శరీరంలో కొవ్వుకి గోడౌన్ ఉంది. చక్కెరకి లివర్‌లో, కండరాల్లో చిన్న గల్లాపెట్టె ఉంది. ప్రోటీన్‌కి మాత్రం విడిగా నిల్వ లేదు, ఉన్నదల్లా కండే. కాబట్టి కండని కరిగించి వాడుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పస్తుంటే కొన్ని రోజులకి శరీరం పొదుపు నేర్చుకుని కొవ్వు మీదకి మళ్ళుతుంది. గాయం, వాపు ఉన్నప్పుడు ఆ పొదుపు సరిగ్గా సాగదు. ఒక పక్క తిండి లేదు, ఇంకో పక్క కండ కరుగుతూనే ఉంటుంది.

దీనికి మంచం తోడవుతుంది. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు 12 మందిని పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. సగటు వయసు 67. ఏ దెబ్బా తగల్లేదు, తిండి లెక్క ప్రకారం పెట్టారు. అయినా పది రోజుల్లో కాళ్ళ నుంచే దాదాపు కిలో కండ పోయింది. ఇక దెబ్బ తగిలి, తిండి మానేసిన 78 ఏళ్ళ మనిషి సంగతి ఊహించుకోవచ్చు. కండ అంటే కాళ్ళూ చేతులే కాదు. గట్టిగా దగ్గి కఫం బయటికి తోయడానికీ కండే కావాలి. ఆ బలం తగ్గితే నెమ్ము చేరుతుంది. పిరుదుల దగ్గర కండ కరిగి ఎముక తేలితే పడక పుండ్లు పడతాయి. పాతకాలం వాళ్ళు సంధి అనేవారే, ఉన్నట్టుండి మనిషి ఎవరినీ గుర్తుపట్టక ఏదేదో మాట్లాడ్డం, అది కూడా బక్కచిక్కిన వాళ్ళకీ ఒంట్లో నీరు తగ్గిన వాళ్ళకీ తేలిగ్గా వస్తుంది. సంధి వచ్చిన మనిషికి అన్నం పెట్టడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు. అలా ఒకదాని వెనక ఒకటి.

ఎవరి పరిస్థితి ఎలా ఉందో కనిపెట్టడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. ఆపరేషన్‌కి ముందు ఎలాగూ తీసే సీబీసీ రిపోర్టు చేతిలోకి తీసుకోండి. మొత్తం తెల్ల కణాలు 9,000, అందులో లింఫోసైట్లు అనే రకం 14 శాతం అని ఉందనుకుందాం. రెండూ హెచ్చిస్తే లింఫోసైట్ల లెక్క 1,260. లివర్ పరీక్ష కాగితంలో ఆల్బుమిన్ అని, లివర్ తయారుచేసే ఒక రక్త ప్రోటీన్‌ది, ఇంకో అంకె ఉంటుంది. న్యూయార్క్‌లో తుంటి విరిగిన 490 మందిని గమనించి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆల్బుమిన్ డెసిలీటరు రక్తానికి 3.5 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్ళు ఆసుపత్రిలోనే చనిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. లింఫోసైట్ల లెక్క 1,500 కంటే తక్కువ ఉన్నవాళ్ళకి ఏడాదిలోపు మరణం ముప్పు ఎక్కువగా కనిపించింది. తర్వాత చాలా దేశాల్లో చేసిన పరిశోధనలు, ముఖ్యంగా ఆల్బుమిన్ విషయంలో, ఇదే దారిలో నడిచాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి తక్కువైందనే అర్థం కాదు. ఉన్నదాంట్లో సగం తరగడానికే దాదాపు 20 రోజులు పడుతుంది కాబట్టి, నిన్న అన్నం తినకపోతే ఇవాళ పడిపోదు. గాయమైనప్పుడు అది రక్తనాళాల నుంచి బయటికి కారిపోతుంది, లివర్ కూడా దాని తయారీ తగ్గించి వేరే ప్రోటీన్ల మీద పడుతుంది. అంటే అది వంటింటి లెక్క కంటే ఒంట్లో వాపు ఎంతుందో ఎక్కువ చెబుతుంది. ఈ మనిషిని కాస్త ఎక్కువ జాగ్రత్తగా చూడండి అని చెప్పే ఎర్రజెండా అనుకోండి. "ఆల్బుమిన్ తక్కువుందట, ఒక బాటిల్ ఎక్కించండి" అని బంధువులు పట్టుబట్టడం నేను చూశాను. వేలు పోసి ఎక్కించినా అది జెండా రంగు మార్చినట్టే. కండ పెరగదు.

అందుకే డాక్టర్లు, డైటీషియన్లు ఇంకా మామూలు ప్రశ్నలు అడుగుతారు. మూడు నెలలుగా తిండి తగ్గిందా? బరువు తగ్గారా? ఇంట్లో తిరుగుతున్నారా? ఎంఎన్‌ఏ అనే చిన్న ఫారంలో ఇలాంటివి ఆరు ఉంటాయి, మొత్తం 14 మార్కులు. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పర్వాలేదు, 7 దాటకపోతే పోషకాహార లోపం ఉన్నట్టే. మంచం మీదున్న మనిషిని బరువు తూచలేరు కదా, అప్పుడు పిక్క చుట్టుకొలత తీసుకుంటారు. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే ఆ ప్రశ్నకి సున్నా. వదిన కుట్టుమిషను టేపు తెచ్చి దెబ్బ తగలని కాలికి కొలిస్తే పెద్దమ్మ పిక్క 28. అంటే పడకముందే ఆవిడ చిక్కిపోయి ఉంది. మేమంతా "వయసు కదా" అనుకున్నాం.

మరి తిండి పెడితే మనుషులు బతుకుతారా? ఈ ప్రశ్నని నలభై ఏళ్ళ నుంచి అడుగుతున్నారు. 1983లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తుంటి విరిగిన బక్కపలచని స్త్రీలకి రాత్రిపూట ముక్కు గొట్టం ద్వారా అదనంగా ఆహారం ఇచ్చి చూస్తే, బాగా చిక్కిపోయిన వాళ్ళు ముందుగా లేచి తిరిగారు. 1990లో జెనీవాలో 59 మందితో ఇంకో ప్రయత్నం చేశారు. సగటు వయసు 82. కొందరికి రోజూ మామూలు భోజనంతో పాటు 250 మిల్లీలీటర్ల పానీయం ఇచ్చారు. అందులో 20 గ్రాముల ప్రోటీన్ ఉంది. ఆరు నెలలకి చూస్తే, పానీయం తాగిన వాళ్ళలో 40 శాతానికి ఏదో ఒక ఇబ్బందో మరణమో ఎదురైంది. తాగని వాళ్ళలో 74 శాతానికి. చిన్న గ్లాసుకి పెద్ద ఫలితమే. కానీ 59 మంది చాలా తక్కువ. 2016లో అప్పటిదాకా జరిగిన 41 ప్రయోగాల్ని ఒకచోట చేర్చి బేరీజు వేస్తే తేలింది ఇది: నోటి ద్వారా ఇచ్చే అదనపు పోషకాహారం ఇబ్బందుల్ని తగ్గించవచ్చు, మరణాల్ని తగ్గిస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేం. పౌడర్ డబ్బా అమ్మేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు.

నాకు అన్నిటికంటే నచ్చింది వేల్స్‌లోని కార్డిఫ్‌లో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగం. 65 దాటిన 318 మంది స్త్రీలు, అందరికీ తుంటి విరిగింది. సగం మందికి వార్డులో మామూలుగా జరిగేదే జరిగింది. మిగతా సగానికి అదనంగా ఒక సహాయకురాలిని పెట్టారు. మందు లేదు, గొట్టం లేదు. ఆమె చేసే పని, వీళ్ళకి ఏది ఇష్టమో కనుక్కోవడం, తినగలిగేది తెప్పించడం, లేపి కూర్చోబెట్టడం, చేతికి అందేలా పెట్టడం, తినలేకపోతే తినిపించడం. మన ఇళ్ళల్లో దీనికి ఉద్యోగం పేరు లేదు, అమ్మో అత్తో చేసే పని. మామూలు వైపు రోజుకి సగటున 756 కేలరీలు తిన్నారు, సహాయకురాలున్న వైపు 1,105. నిజానికి 1,105 కూడా చాలదు. అయినా ఆ వార్డులో ఉన్నంతకాలం చనిపోయిన వాళ్ళు మామూలు వైపు 10.1 శాతం, సహాయకురాలున్న వైపు 4.1 శాతం. నాలుగు నెలలకి 22.9, 13.1. చనిపోయిన వాళ్ళ సంఖ్య చిన్నదే కాబట్టి ఈ ఒక్క ప్రయోగం పట్టుకుని ఒట్టు పెట్టలేం. కానీ ఇందులో ఒక సంగతి తేలింది. తిండి ఆసుపత్రికి రావడం వేరు, మనిషి నోట్లోకి వెళ్ళడం వేరు.

పెద్దమ్మ విషయంలో అదే జరిగింది. ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు ట్రే వచ్చేది, వెళ్ళేది. నాలుగో రోజు గానీ అన్నయ్యకి తట్టలేదు, కట్టుడు పళ్ళు ఇంట్లో సింకు పైన డబ్బాలోనే ఉన్నాయని. అడిగితే, "నలుగురిలో బోసినోటితో ఎందుకు, జావ చాల్లే" అంది.

జావ మాట వచ్చింది కాబట్టి మన పథ్యాల సంగతి చెప్పుకోవాలి. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే పుండు చీము పడుతుందని మనవైపు గట్టి నమ్మకం. వంకాయ వద్దు, గుడ్డు వేడి, పెరుగు చలవ చేసి కఫం పడుతుంది. అన్నీ తీసేస్తే మిగిలేది రాగి జావ, చారన్నం, కొబ్బరినీళ్ళు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది గానీ కందిపప్పు వల్ల కాదు. పైగా ఆ సూక్ష్మజీవులతో పోరాడేందుకు కావలసిన ముడిసరుకు పప్పులోనే ఉంది. ఇలాంటి రోగులకి రోజుకి, కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. గ్లాసు రాగి జావలో రెండు గ్రాములుంటే గొప్ప. కొబ్బరినీళ్ళలో లేనట్టే. గుడ్డులో 6, గ్లాసు పాలలో ఆరేడు, గుప్పెడు కందిపప్పు వండితే ఇంకో ఆరేడు. చారన్నం, జావలతో రోజంతా గడిపితే 25 దగ్గరే ఆగిపోతాం. షుగర్ ఉందని అసలు తిండే తగ్గించేసే ఇళ్ళూ ఉన్నాయి. ఆ రోజుల్లో షుగర్‌ని మందుతో సర్దాలి, పస్తుతో కాదు. కిడ్నీ జబ్బున్న వాళ్ళూ, పడకముందు వారాల తరబడి ఏమీ తినని వాళ్ళూ మాత్రం ఎంత, ఎలా పెంచాలో డాక్టర్‌ని అడగాలి. బాగా ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళ్తే రక్తంలో లవణాలు తారుమారై ప్రమాదం.

ఉపవాసం సంగతి కూడా డాక్టర్‌ని నిలదీయక్కర్లేదు, మర్యాదగా అడిగితే చాలు. మామూలుగా తేలికపాటి తిండికి ఆరు గంటలు, మంచినీళ్ళకి రెండు గంటల ముందు ఆపితే సరిపోతుందని మత్తు డాక్టర్ల నియమాలే చెబుతున్నాయి. ఆపరేషన్ వాయిదా పడిందని తెలిసిన నిమిషంలోనే "ఇప్పుడు పెట్టొచ్చా?" అని అడగాలి. మేం అడగలేదు. వాయిదా సంగతి 2 గంటలకి తెలిస్తే, ఇడ్లీ వచ్చింది 6కి.

కట్టుడు పళ్ళు వచ్చాక వదిన ఇంటి నుంచి క్యారేజీ తేవడం మొదలుపెట్టింది. ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, సాయంత్రం ఒక సున్నుండ. పప్పు చూసి పక్క మంచం ఆవిడ "చీము పడుతుందమ్మా" అని హెచ్చరించింది. పెద్దమ్మ కూడా రెండు రోజులు సందేహించింది, మూడో రోజు ఆకలేసి తిన్నది. డిశ్చార్జి రోజు కొలిస్తే పిక్క 27కి దిగింది. ఐదు నెలల తర్వాత ఉగాదికి వెళ్ళినప్పుడు మళ్ళీ టేపు చుడితే 28. వాకర్ పట్టుకుని వంటింట్లో నిలబడి, పచ్చడిలో బెల్లం తక్కువైందని వదినతో వాదిస్తోంది.