డ్యాన్స్-పాప్ ఆల్బమ్‌లో గొంతుకి పనేముంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

గాయనీ గాయకుల గొంతు రికార్డు చేసి, ఆ పాటల్ని మిక్స్ చేయడం నా పని. డ్యాన్స్-పాప్ ఆల్బమ్ అనగానే "అందులో గొంతుకి పనేముంది, అంతా మెషీనే కదా" అంటారు చాలామంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఒక్క లైను కోసం గాయని పడే తపనను స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని చూసేవాణ్ని మరి.

అపోహ: ఆటోట్యూన్ ఉంటే ఎవరైనా పాడేయొచ్చు.

ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు, భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనిని బట్టి చమురు జాడ పట్టే రంగంలో పనిచేశారు. తప్పిన స్వరాన్ని దాని స్థానానికి లాగడమే ఆటోట్యూన్ పని. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాటను నొక్కి పలకాలో, ఏ అక్షరాన్ని బీటు కంటే వెంట్రుకవాసి ఆలస్యంగా వదలాలో దానికి తెలియదు. డ్యాన్స్ పాటలో గొంతుకి ఊపు వచ్చేది సరిగ్గా అక్కడే.

1998లో అమెరికన్ గాయని షేర్ పాడిన 'బిలీవ్' వినండి. అందులో గొంతు యంత్రంలా మోగేది అపశ్రుతిని కప్పిపుచ్చడానికి కాదు. స్వరాన్ని సరిదిద్దే వేగాన్ని కావాలనే చివరిదాకా పెంచారు. అందుకే గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదు, మెట్టు మీంచి మెట్టు మీదికి దూకుతుంది. అప్పటికే 30 ఏళ్లకు పైగా పాడుతున్న ఆమెకి ఊతకర్ర అవసరమా?

అపోహ: కోరస్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే భాగం) ఒక్కసారి పాడితే చాలు, మిగతాది కాపీ-పేస్ట్.

ఇది సగం నిజం. బాగా కుదిరిన కోరస్‌ను పాటలో మిగతా చోట్ల వాడుకోవడం ఉంది. కానీ కోరస్‌కి ఆ నిండుదనం కాపీతో రాదు. ఒకే టేకును, అంటే ఒకసారి పాడిన రికార్డింగును, రెండు ట్రాకుల్లో (వేర్వేరు పొరల్లో) పెడితే సౌండ్ పెరుగుతుంది, అంతే. అదే లైనును మళ్లీ పాడించి, ఒకదాన్ని ఎడమ స్పీకర్‌కి, ఇంకోదాన్ని కుడి స్పీకర్‌కి పంపితే గొంతు విచ్చుకుంటుంది. రెండోసారి పాడినప్పుడు వచ్చే అతి చిన్న తేడాలే దానికి కారణం. అలాగని తేడా ఎక్కువైనా పనికిరాదు. 'స' శబ్దం, మాట చివరి హల్లు అన్ని టేకుల్లోనూ ఒకేసారి పడాలి, లేకపోతే వినడానికి చిందరవందరగా ఉంటుంది. హార్మొనీలతో (అదే లైనును వేరే స్వరాల్లో పాడినవాటితో) కలిపితే ఒక్క కోరస్‌కే పది, ఇరవై ట్రాకులు అవడం మామూలే.

ప్రధాన గొంతు కూడా ఒకే టేకు కాదు. చాలా టేకుల్లోంచి లైను లైనుగా ఏరి కూరుస్తాం. దీన్నే కాంపింగ్ అంటారు. స్వరం తూచినట్టు పడిన టేకు కంటే, కాస్త వణికినా మనసులోంచి వచ్చిన టేకునే నేను తీసుకుంటాను.

అపోహ: వేగం పెంచితే జనం ఆడతారు.

డ్యాన్స్-పాప్ పాటలు ఎక్కువగా నిమిషానికి 110 నుంచి 130 బీట్ల మధ్యే ఉంటాయి. 120 అంటే అరసెకనుకో దెబ్బ. అసలు ఊపు కిక్ డ్రమ్‌కీ (దుమ్ దుమ్మని మోగే పెద్ద డ్రమ్), బేస్‌కీ (అడుగున మోగే మంద్ర స్వరాలు) మధ్య సర్దుబాటులో ఉంటుంది. రెండూ మంద్రంలోనే మోగుతాయి కాబట్టి ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. కిక్ పడిన ప్రతిసారీ బేస్ ఒక క్షణం తగ్గి మళ్లీ లేచేలా సైడ్‌చెయిన్ పెడతాం. పాట మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించేది అందువల్లే.

అపోహ: సింథసైజర్ పాటలో మనిషి చెయ్యి ఉండదు.

డోనా సమ్మర్ 1977లో పాడిన 'ఐ ఫీల్ లవ్' సంగీతాన్ని నిర్మాత జార్జియో మొరోడర్ బృందం దాదాపు మొత్తం 'మూగ్' అనే కంపెనీ సింథసైజర్‌తోనే (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం) కట్టింది. కావాల్సిన దెబ్బ మాత్రం మూగ్ నుంచి రాలేదు. అందుకని కిక్ డ్రమ్‌ను డ్రమ్మర్ కీత్ ఫోర్సీ స్వయంగా వాయించారు.

అపోహ: డ్యాన్స్ ఆల్బమ్ అంటే సింగిల్స్ (విడివిడిగా విడుదల చేసే పాటల) మూట.

మడోన్నా 2005 ఆల్బమ్ 'కన్ఫెషన్స్ ఆన్ ఎ డ్యాన్స్ ఫ్లోర్'లో పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దమే ఉండదు, డీజే సెట్‌లా ఒకదాంట్లోంచి ఒకటి వస్తుంది. అలా కలపాలంటే పాటల వరుస, వేగం, శ్రుతి అన్నీ చూసుకోవాలి.

అపోహ: ఎంత గట్టిగా మోగితే అంత మంచి మాస్టరింగ్ (విడుదలకి ముందు పాటకి చేసే చివరి మెరుగు).

స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా పోయేలా గట్టిగా నొక్కి పంపిన పాట సౌండ్‌ను తగ్గించేస్తుంది, ఆ నొక్కుడు మాత్రం పాటలో అలాగే ఉండిపోతుంది. అలాంటి పాటలో, కోరస్‌కి ముందు గాయని తీసుకునే ఊపిరి కూడా కోరస్‌తో పోటీపడుతూ వినిపిస్తుంది. ఆ తేడా పోయాక కోరస్ లేవదు. నా మిక్సుల్లో ఆ ఊపిరిని కత్తిరించను. కోరస్ కంటే బాగా కిందే ఉంచుతాను.