చిరిగిన రెక్క, కొత్త రెక్క: తొలి వసంతంలో సీతాకోకచిలుకలను గుర్తుపట్టడం

మంచు కురిసే దేశాల్లో సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలనుకునేవారికి తొలి వసంతాన్ని మించిన కాలం లేదు. వేసవిలో ఎన్నో రకాలు కలగలిసి ఎగురుతూ కొత్తవాళ్లను తికమకపెడతాయి. మార్చిలోనూ ఏప్రిల్ మొదట్లోనూ కనిపించేవాటిని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే రంగు చూసి పేరు వెతికే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చలికాలాన్ని ఏ దశలో గడిపింది?

బ్రిమ్‌స్టోన్, పీకాక్, కామా, మోర్నింగ్ క్లోక్ వంటివి రెక్కలొచ్చిన సీతాకోకచిలుకలుగానే చలికాలం గడుపుతాయి. చెట్టు తొర్రల్లోనో, తీగల గుబురుల్లోనో కదలకుండా ఉండిపోయి, కాస్త ఎండకాసి వెచ్చబడగానే బయటికొస్తాయి. ఆరెంజ్ టిప్, హోలీ బ్లూ వంటివి ప్యూపాగా (గొంగళిపురుగుకూ సీతాకోకచిలుకకూ మధ్య కదలకుండా ఉండే దశ) ఉండి, తరవాత కొన్ని వారాలకు రెక్కలు విప్పుతాయి. మొదటి జట్టు రెక్కలు నిరుటివి. అంచులు చిరిగి, పొలుసులు రాలి, రంగు వెలిసి ఉంటాయి. రెండో జట్టువి సరికొత్తవి. అంచున ఉండే సన్నని నూగు కూడా చెదరదు. మార్చిలో నలిగిన రెక్క కనబడితే జాబితాలో సగం పేర్లు కొట్టేయొచ్చు.

ఈ సూత్రాన్ని బోల్తా కొట్టించేది కామా. దాని రెక్కల అంచు పుట్టుకతోనే కత్తిరించినట్టు గాట్లు గాట్లుగా ఉంటుంది. అది అరుగుదలో, సహజమైన ఆకారమో తేల్చుకోవాలంటే కుడి ఎడమలు పోల్చండి. రెండు వైపులా గాట్లు ఒకేలా ఉంటే సహజం. ఒకవైపే లోపం ఉంటే అది పక్షి ముక్కు పనో, ముళ్లపొద పనో అయి ఉంటుంది. అనుమానం తీరకపోతే రెక్కలు మూసేదాకా ఆగండి. ఎండుటాకు రంగులో ఉన్న వెనుక రెక్క అడుగున కామా గుర్తు తెల్లగా మెరుస్తుంది. ఉత్తర అమెరికాలో ఆ గీత పక్కన విడిగా ఒక చుక్క కూడా ఉంటే అది దాని చుట్టం, క్వశ్చన్ మార్క్.

మోర్నింగ్ క్లోక్ దగ్గర చిక్కు వేరు. ముదురు మెరూన్ రెక్కలు, అంచున పసుపు పట్టీ, దాని లోపలివైపు నీలి చుక్కల వరుస అని పుస్తకాలు చెబుతాయి. చలికాలం దాటొచ్చినదాని పట్టీ పాలిపోయి దాదాపు తెల్లగా ఉంటుంది. బొమ్మతో రంగు కలవలేదని పేరు మార్చేయకండి, నీలి చుక్కలు చూడండి. దీనికి పూలకంటే ఓక్ వంటి చెట్ల గాయాల్లోంచి కారే రసం ఇష్టం. కాబట్టి వెతకాల్సింది చెట్ల మాను మీద.

బ్రిమ్‌స్టోన్ వాలితే రెక్కలు మూసే ఉంచుతుంది. మగది నిమ్మపండు పసుపు, చాలా దూరం నుంచే తెలిసిపోతుంది. ఆడది ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. ఎగురుతున్నప్పుడు దాన్ని లార్జ్ వైట్ అని రాసేసుకునేవారు చాలామంది. ముందు రెక్క కొన నల్లగా ఉందా అని చూస్తే చాలు. లార్జ్ వైట్‌కు ఉంటుంది, బ్రిమ్‌స్టోన్‌కు ఉండదు. పైగా దాని రెక్క కొన కొక్కెంలా వంగి ఉంటుంది.

ఏప్రిల్‌లో అసలు పరీక్ష తెల్లవాటితోనే. ఆరెంజ్ టిప్ మగదాన్ని రెక్క కొనన ఉన్న నారింజ రంగు చూసి పసిపిల్లలు కూడా చెప్పేస్తారు, ఆడదానికి ఆ నారింజ కొన ఉండదు. ఇక్కడ పైవైపును నమ్ముకోకండి, వెనుక రెక్క అడుగు చూడండి. పాచిరంగు మరకలు చెదురుమదురుగా ఉంటే ఆరెంజ్ టిప్. రెక్క నరాల వెంబడి ఆకుపచ్చగా గీతలు సాగితే గ్రీన్ వీన్డ్ వైట్. ఏమీ లేకుండా లేత పసుపుగా ఉంటే స్మాల్ వైట్. నిజానికి ఈ రెక్కల మీద ఆకుపచ్చ వర్ణకం లేదు. పసుపు, నలుపు పొలుసులు పక్కపక్కనే ఉండటంతో మన కంటికి అలా కనిపిస్తుంది, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో రెండూ విడివిడిగా తెలుస్తాయి.

పొదల ఎత్తున, చెట్ల చుట్టూ నీలంగా ఎగిరేది హోలీ బ్లూ. దాని అడుగువైపు లేత వెండి నీలం, మీద చిన్న నల్ల చుక్కలు. నారింజ మచ్చలుంటే అది హోలీ బ్లూ కాదు. అలాంటి మచ్చలున్న కామన్ బ్లూ సాధారణంగా మే నెలకు గానీ రాదు, అదీ గడ్డి మీద కిందకిందే తిరుగుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి బ్రిటన్‌లో 1976 నుంచి సాగుతున్న సీతాకోకచిలుకల లెక్కింపు నియమాలు మంచి కొలత. 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువుంటే లెక్కించరు. 13 నుంచి 17 మధ్యలో ఎండ బాగా కాయాలి. లెక్కిస్తూ నడిచేవారికి రెండువైపులా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల లోపు కనిపించినవే లెక్కలోకి వస్తాయి. ఇంత పట్టింపు ఎందుకంటే, రెక్కలు ఆడించే కండరాలు దాదాపు 30 డిగ్రీలకు వేడెక్కితేగానీ అవి సరిగా ఎగరలేవు. ఆ వేడి కోసం పీకాక్ రెక్కలు పరిచి ఎండ కాగుతుంది, బ్రిమ్‌స్టోన్ మూసిన రెక్కల్నే సూర్యుడికి అడ్డంగా తిప్పుతుంది. అందుకే గాలి తగలని, ఎండ పడే అడవి అంచులు, ఎండుటాకుల నేల, బండరాళ్లు, విల్లో పూలకంకులు చూడాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణ ముఖంగా ఉన్న వాలులే ముందు వేడెక్కుతాయి.

దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నీడ దాని మీద పడనివ్వకండి, ఎక్కువమంది దాన్ని పోగొట్టుకునేది అక్కడే. ముందు దూరం నుంచే ఒక ఫోటో తీసిపెట్టుకుని తరవాత అడుగు వేయండి. రెండు మీటర్ల దగ్గర వస్తువు మీద కూడా ఫోకస్ అయ్యే బైనాక్యులర్స్ ఉంటే అసలు అడుగే వేయనక్కర్లేదు. రెక్కల పైవైపు, అడుగువైపు రెండూ ఫోటోల్లో ఉండాలి.

రెక్కలు పరచి కూర్చుంటే మాత్ (సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం, ఎక్కువగా రాత్రిపూట తిరిగేది), మూసుకుంటే సీతాకోకచిలుక అనే మాట వసంతంలో పనికిరాదు. తల మీద మీసాల్లా ఉండే స్పర్శశృంగాల చివర చూడండి. సీతాకోకచిలుకకు అక్కడ చిన్న గుండు ఉంటుంది. మార్చి ఎండలో బర్చ్ చెట్ల కొసల్లో నారింజ రంగుతో తిరిగే ఆరెంజ్ అండర్‌వింగ్ అనే పగటి మాత్‌ను చూసి కామా అని పొరబడటం మామూలే.

ఇంట్లో దాక్కున్న సీతాకోకచిలుకలు హీటర్ వేడికి నడి చలికాలంలోనే లేచి కిటికీ అద్దానికి కొట్టుకుంటుంటాయి. వాటిని గడ్డకట్టే చలిలోకి వదిలితే బతకవు. అట్టపెట్టెలో వేసి అరగంట చల్లని చోట ఉంచితే కుదుటపడతాయి. తరవాత హీటర్ లేని షెడ్డులో గోడకో, చూరుకో మెల్లగా చేర్చండి. వసంతంలో లేచినప్పుడు బయటికెళ్లేందుకు ఆ షెడ్డుకు ఒక సందు ఉందో లేదో ముందే చూసుకోండి.