చిన్న క్యాటమరాన్ బోల్తా పడితే: మాస్ట్ గురించి అపోహలు - వాస్తవాలు

హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న తెరచాప పడవల మీద చేయి తిరిగినవాళ్లు మొదటిసారి హోబీ 16 అనే క్యాటమరాన్ (రెండు డొల్లల పడవ) ఎక్కగానే ఒక మాట అంటారు: "సార్, ఇది పడవ కాదు, అరుగులా ఉంది." కాసేపటికి గాలి పెరిగి ఒక హల్ (అంటే ఒక డొల్ల) నీళ్లలోంచి లేస్తుంది. అప్పటినుంచి ప్రశ్నలు మొదలవుతాయి. క్యాటమరాన్ నేర్పేవాడిగా నేను తరచూ వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. మాస్ట్‌ను, అంటే సెయిల్ (తెరచాప) కట్టే స్తంభాన్ని, మనం గాలిలో నిలబడే వస్తువుగానే చూస్తాం. పడవ పక్కకు పడిన క్షణం నుంచి అది నీళ్లలో పనిచేసే వస్తువు. కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఆ సంగతి కూడా చూసుకోవాలి.

అపోహ: రెండు హల్‌లు ఉన్నాయి కాబట్టి బోల్తా పడదు.

వెడల్పు వల్ల మొదట్లో గట్టిగా నిలబడే మాట నిజమే. హోబీ 16 పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. గాలివైపు హల్ నీళ్లను వదిలిన కాసేపటికే ఆ నిలకడ తగ్గడం మొదలవుతుంది. 90 డిగ్రీలు దాటిందంటే, నిటారుగా ఎంత స్థిరంగా ఉండేదో తల్లకిందులుగానూ అంతే స్థిరంగా ఉంటుంది. లేజర్ అయితే డాగర్‌బోర్డు (పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక) మీద నిలబడితే లేస్తుంది. హోబీ 16కి డాగర్‌బోర్డులే లేవు. అందుకే పక్కకు పడిన పడవ పూర్తిగా తిరగబడకుండా ఆపడమే మన మొదటి పని. ఆ పనిలో మనకు సాయం చేసేది మాస్టే.

అపోహ: మాస్ట్ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది, మిగతావి అనవసరం.

తేలిక మంచిదే. కానీ నేను ముందు అడిగేది వేరు: లోపలికి నీళ్లు వెళ్తాయా?

ఒక చిన్న లెక్క వేద్దాం. మాస్ట్ 8 మీటర్లు, దాని అడ్డుకోత 45 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. లోపల 36 లీటర్ల చోటు ఉంటుంది. గాలి బయటికి పోకుండా మూసి ఉంటే అది నీళ్లలో పొడవాటి డ్రమ్ములా తేలుతుంది, పడవను పక్క మీదే ఆపుతుంది. నీళ్లు దూరితే ఆ తేలుడు పోతుంది. పడవ లేపేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. మాస్ట్ కొన దగ్గర మూడు లీటర్ల నీళ్లు చేరాయనుకోండి. ఆ మూడు కిలోలు 8 మీటర్ల దూరంలో ఉన్నాయి. తాడు పట్టుకుని వెనక్కి వాలిన మన బరువు హల్ నుంచి సుమారు ఒక మీటరు దూరంలోనే పనిచేస్తుంది. అంటే ఆ మూడు లీటర్లకు సరితూగాలంటే మనవైపు ఇంకో 24 కిలోలు కావాలి. "నిన్న లేచింది, ఇవాళ లేవడం లేదు" అని ఎవరైనా చెబితే నేను మొదట మాస్ట్‌నే అనుమానిస్తాను.

పరీక్ష తేలికే. మాస్ట్‌ను దించి రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టండి. ఒక కొసను నెమ్మదిగా పైకెత్తి చెవి ఆనించండి. గుడగుడమని నీళ్లు పారుతున్న చప్పుడు వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడో తెలియాలంటే ఆరిన మాస్ట్‌ను ఎండలో ఉంచి రివెట్లు, అతుకులు, రెండు కొసల ప్లగ్గుల మీద సబ్బునీళ్లు పూయండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, కంత ఉన్నచోట బుడగలు పొంగుతాయి. ఆ రివెట్టును ఊడదీసి, సీలెంట్ పెట్టి, కొత్తది వేయాలి. పైనుంచి సీలెంట్ పూసి వదిలేస్తే రెండు వారాలు కూడా నిలవదు. పాత పడవ కొనేవాళ్లు సెయిల్ తళతళలు చూసే ముందు ఈ పని చేయాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఫైబర్ కొన ఉన్న మాస్ట్‌కు కరెంటు తీగలతో ప్రమాదం లేదు.

ఇందులో పొరపాటుపడితే ప్రాణం పోతుంది. అమెరికాలో అల్యూమినియం మాస్ట్‌లు కరెంటు తీగలకు తగిలి ప్రాణాలు పోయాక, హోబీ కంపెనీ 1980ల మధ్యలో మాస్ట్ పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టింది. దాన్నే కాంప్‌టిప్ అంటారు. అది మంచి మార్పే. కానీ కరెంటు పారనిది ఆ పైముక్క ఒక్కటే. దాని కింద ఉన్నదంతా అల్యూమినియమే. మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలు స్టీలువి. ఒడ్డున మాస్ట్ నిలబెట్టే ముందు, ట్రాలీ మీద పడవను తోసే ముందు తలెత్తి చూడాల్సిందే.

దీనికి తోడు ఇంకో మాట వింటుంటాను: "కార్బన్ ఫైబర్ ప్లాస్టిక్ లాంటిదే కదా!" కాదు, కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల విషయంలో కార్బన్ మాస్ట్‌ను లోహంలాగే చూడాలి.

కాంప్‌టిప్ ఉన్న మాస్ట్‌లో అల్యూమినియం, ఫైబర్ కలిసే అతుకు ఒకటి అదనంగా ఉంటుంది. సబ్బునీళ్ల పరీక్షలో అక్కడ ఇంకాస్త సేపు చూడండి.

అపోహ: స్తోమత ఉంటే కార్బనే కొనాలి.

పోటీల్లో దిగాలంటే ముందు మీ క్లాసు (పోటీ పడవల తరగతి) నిబంధనలు చదవండి. ఫార్ములా 18లో అల్యూమినియం మాస్టే ఉండాలి. ఒలింపిక్స్‌లో నాక్రా 17కు, ఒంటరిగా నడిపే ఏ-క్లాసుకు కార్బన్ ఉంటుంది. పడవే 75 కిలోలుండే ఏ-క్లాసులో మాస్ట్ పైన తగ్గే ప్రతి కిలో విలువైనదే, బోల్తా పడ్డాక ఒక్కడే లేపాలి కూడా. సరదాగా నడుపుకునేవాళ్లకు, ఇసుక మీద ఈడ్చే క్లబ్బు పడవలకు నేను అల్యూమినియమే చెబుతాను. సొట్ట పడితే కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో దెబ్బ లోపలే ఉండిపోవచ్చు.

అపోహ: మాస్ట్ కొనన నీళ్లలో తేలే ఫ్లోట్ కట్టుకోవడం నామోషీ.

నేర్చుకునేవాళ్లు, ఒంటరిగా వెళ్లేవాళ్లు, తక్కువ బరువున్న జంటలు తప్పకుండా కట్టుకోవాలి. పైన కొంచెం బరువు, గాలి తాకిడి పెరుగుతాయి, అంతే. లోతు తక్కువై అడుగున బురద ఉండే చెరువుల్లో దీని విలువ ఇంకా ఎక్కువ. తిరగబడిన మాస్ట్ బురదలో దిగబడితే లాగే క్రమంలో వంగిపోతుంది. దిగబడితే పక్కకు వంచకూడదు. ఎలా దిగిందో అదే దారిలో వెనక్కి రానివ్వాలి.

అపోహ: లేపడానికి కండబలం కావాలి.

కావాల్సింది బరువు, గాలి దిశ, ఓపిక. ముందు ఇద్దరూ పడవను పట్టుకుని ఒకరినొకరు పిలుచుకోండి. ట్రాపీజ్ హుక్ (నడుము పట్టీకి ఉండే కొక్కెం) దేనికీ చిక్కుకోలేదని చూసుకోండి. పడవను వదిలి ఈదకండి. గాలికి అది మీకంటే వేగంగా కొట్టుకుపోతుంది. తర్వాత మెయిన్‌షీట్, జిబ్‌షీట్ (పెద్ద, చిన్న సెయిల్‌లను బిగించే తాళ్లు) రెండూ వాటిని పట్టి ఉంచే క్లీట్ల నుంచి విడిపించండి. ఇది మరిచిపోతే లేచిన పడవ మిమ్మల్ని నీళ్లలో వదిలి పోతుంది, లేదా మళ్లీ పడుతుంది.

ఇప్పుడు ఒకరు కింది హల్ ముందు కొస వైపు జరగాలి. ఆ బరువుకు ముక్కు నీళ్లలో దిగి లంగరులా ఆగుతుంది, వెనకభాగాన్ని గాలి తోసేస్తుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. మాస్ట్ గాలివాలుకు (గాలి పోయే వైపుకు) ఉన్నంతసేపు గాలి పడవను ఇంకా కిందికే తొక్కుతుంది. ముక్కు తిరిగాక మాస్ట్ మొదలుకు కట్టిన ముడుల తాడును పై హల్ మీదుగా వేసి, కింది హల్ మీద నిలబడి, వీపు నీళ్లకు దగ్గరయ్యేదాకా వెనక్కి వాలండి. వాలి ఆగండి. కుదుపులు వద్దు. సెయిల్ మీద నిలిచిన నీళ్లు జారిపోవాలి. మాస్ట్ కొన జానెడు లేచి, కిందికి గాలి దూరిందంటే మిగతా పని గాలే చేస్తుంది. పై హల్ ధన్‌మని పడుతుంది కాబట్టి తల రెండు హల్‌ల మధ్యలో ఉంచి మాస్ట్ కింది స్ట్రైకర్ రాడ్‌ను పట్టుకోండి. అలా పట్టుకుంటే పడవ అవతలివైపుకు పడదు.

అరవై కిలోల మనిషి ఒక్కడే హోబీ 16ను లేపడం మామూలుగా కుదరదు. అప్పుడు తాడుకు తగిలించే నీళ్ల సంచి అక్కరకొస్తుంది. నీళ్లలో ఉన్నంతసేపు దానికి బరువుండదు. పైకి లేచిందంటే ఇరవై లీటర్లకు ఇరవై కిలోలూ మీవైపే.

అపోహ: తల్లకిందులైతే ట్రాంపొలీన్ కింద గాలి ఉంటుంది, అక్కడ ఊపిరి తీసుకోవచ్చు.

హోబీ 16లో ట్రాంపొలీన్ (హల్‌ల మధ్య బిగించే, మనం కూర్చునే గుడ్డ) హల్‌ల పైన చిన్న స్తంభాల మీద ఎత్తుగా ఉంటుంది. తిరగబడితే అది నీళ్లలోకి పోతుంది. దాని కింద గాలి ఉండదు, తాళ్లు, సెయిల్ మాత్రమే ఉంటాయి. వెంటనే పక్కకు వచ్చేయాలి. చేతికందే చోట తాళ్లు కోసే కత్తి ఉండాలి.

ఆ స్థితి నుంచి లేపాలంటే ఇద్దరూ గాలివాలు హల్ వెనక కొసన చేరి దాన్ని ముంచాలి. తాడు అవతలి హల్ నుంచి తెచ్చుకుని లాగితే ఎదురు మూల లేచి గాలి పట్టుకుంటుంది, పడవ మళ్లీ పక్కకు వస్తుంది. అక్కడినుంచి పైన చెప్పిన పద్ధతే.

ఒడ్డు వదిలే ముందు ఇంకొకటి చూసుకోండి. హోబీ 16 మాస్ట్ అడుగు దాని పీట మీద ఊరికే కూర్చుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే స్టీలు తీగల బిగువే దాన్ని ఆపుతుంది. తీగలు మరీ వదులుగా ఉంటే బోల్తాలో మాస్ట్ పీట జారిపోవచ్చు. తీగల పిన్నులకు వేసే చిన్న రింగుల మీద టేపు చుట్టండి. సెయిల్ తాడు తగిలి రింగు ఊడితే పిన్ను జారుతుంది, పిన్ను జారితే మాస్ట్ కూలుతుంది.