సోల్డరింగ్ పొగ: ఎక్స్‌ట్రాక్టర్ కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

కడప సెవెన్ రోడ్స్ చుట్టుపక్కల మొబైల్ రిపేర్ షాపుల వాళ్ళు, నా దగ్గర పని నేర్చుకుని వెళ్ళిన కుర్రాళ్ళు, ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఏ ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ కొనాల?" అంటే సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే పొగను లాగేసే మెషిన్. నేను మోడల్ పేరు చెప్పను, ముందు నీ టేబుల్ ఫొటో పంపు అంటాను. చాలా ఫొటోల్లో ఎక్స్‌ట్రాక్టర్ ఇప్పటికే ఉంటుంది. నల్ల స్పాంజి బిగించిన చిన్న ఫ్యాను, టేబుల్‌కు ఆ చివర, బోర్డుకు మూరెడు దూరంలో. "పెట్టినప్పటి నుంచి వాసన తగ్గిందన్నా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: వాసన తగ్గితే పొగ పోయినట్టే.

వాస్తవం: అతుకు బాగా పట్టడానికి సోల్డర్‌తో వాడే ఫ్లక్స్‌లోని రోజిన్ (పైన్ చెట్టు బంక) కాలినప్పుడు వాయువులు ఒకవైపు, మైక్రాన్ కంటే చిన్న కణాలు ఇంకోవైపు వస్తాయి. స్పాంజిలోని కార్బన్ వాసన ఇచ్చే వాయువుల్లో కొంత పట్టుకుంటుంది. కణాలు మాత్రం దాని రంధ్రాల్లోంచి హాయిగా దూరి, వెనక నుంచి మీ గదిలోకే వస్తాయి. ముక్కుకు తెలియదు, ఊపిరితిత్తులకు తెలుస్తుంది. పని వల్ల వచ్చే ఆస్తమాకు ముఖ్య కారణాల్లో ఈ రోజిన్ పొగను ఒకటిగా బ్రిటన్‌లో పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఎప్పటి నుంచో చెబుతోంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది.

మా వీధిలోనే ఒకతను బోర్డు పనిలో మంచి చెయ్యి. సాయంత్రమైతే దగ్గు, రాత్రి పిల్లికూతలు. కడప ఎండకు, దుమ్ముకు అనుకున్నాడు. పండక్కి ఊరెళితే మాత్రం సుబ్బరంగా ఉండేవాడు. ఆ సంగతి, చేసే పని సంగతి డాక్టరుకు చెప్పమని నేనే పోరాను, అప్పటిదాకా డస్ట్ అలర్జీ మందులే వాడాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని (ఫ్లాషింగ్) చేసుకుంటున్నాడు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిన గదిలోకి రాడు. సెలవు రోజు తగ్గి, షాపు తెరిచిన రోజు తిరగబెట్టే దగ్గు మీకూ ఉంటే ఈ మాటే డాక్టరుతో చెప్పండి.

ఇక దూరం సంగతి. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం, పీల్చి ఆర్పలేం. ఎక్స్‌ట్రాక్టర్ చేసేది పీల్చే పని. 12 సెంటీమీటర్ల నోరున్న ఫ్యాను ముందు 12 సెంటీమీటర్లు జరిగేసరికే గాలి వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. అందుకే డబ్బాను టేబుల్ మీద పెట్టేదానికన్నా, వంచుకోగలిగే గొట్టం చివర నాజిల్ ఉండి, దాన్ని బోర్డు పక్కకే తెచ్చుకునేది కొనండి. డబ్బా మీద రాసిన, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో చెప్పే సీఎఫ్‌ఎం చాలాసార్లు ఫిల్టర్ లేకుండా కొలిచినది, దాన్ని నమ్ముకుని డబ్బులు పెట్టొద్దు. కొనేముందు షాపులోనే ఒక అగరుబత్తి వెలిగించి, మీరు సోల్డర్ చేసే చోట పట్టుకుని చూడండి. పొగ నిటారుగా మీ మొహంలోకి లేస్తే ఆ మెషిన్ వద్దు, ఒంగి నాజిల్‌లోకి పోతే ధర అడగండి. ఈ పరీక్ష సీలింగ్ ఫ్యాను తిరుగుతుండగా కూడా చెయ్యండి, చాలా మెషిన్లు అక్కడే బోల్తా పడతాయి.

బయటి గోడ ఉన్న షాపయితే ఫిల్టర్ల గొడవే వద్దు. పైపులోంచి గాలిని నెట్టే ఫ్యాను (డక్ట్ బ్లోయర్), ఒక పైపు, గోడకు రంధ్రం. పొగ బయటికి పోతుంది, మార్చాల్సిన ఫిల్టరూ ఉండదు. పక్కింటి కిటికీ వైపు మాత్రం పెట్టొద్దు. కాంప్లెక్స్ మధ్యలో షాపు, మే నెలలో ఏసీ వేసుకుని అద్దం తలుపు మూసుకోక తప్పదు అనేవాళ్ళకే ఫిల్టర్ మెషిన్. అందులో ముందు మామూలు ప్రీ ఫిల్టర్, తర్వాత సన్నని కణాలను ఆపే హెపా ఫిల్టర్, ఆపైన వాయువులను పట్టే మందమైన కార్బన్ మూడూ ఉండాలి. హెపా హెచ్13 గ్రేడ్ అంటే, పట్టుకోవడానికి అన్నింటికన్నా కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలి. గ్రేడ్ రాయకుండా ఊరికే "హెపా టైప్" అని రాసినదాన్ని పక్కన పెట్టండి.

అపోహ: ఆ పొగ సీసం పొగ.

ఒక కుర్రాడి అమ్మ మా షాపుకే వచ్చి, "సీసం పొగకు పిల్లలు పుట్టరంట కదా సార్, మావాణ్ణి మాన్పించాల్నా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరు చెబుతారో ఇలాంటివి! సీసం ప్రమాదమే అమ్మా, కాకపోతే అది పొగలో రావడం లేదు. సీసం కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఐరన్ మొన (బిట్) 350 దగ్గర ఉంటుంది. సీసం మరగాలంటే 1749 డిగ్రీలు కావాలి. అది ఒంట్లోకి పోయేది వేళ్ళ మీద నుంచి, ఐరన్ కింద పెట్టి అదే చేత్తో బజ్జీ తింటే. సబ్బుతో చేతులు కడుక్కుని తినాలి, పని బట్టలతో చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు. గర్భంతో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

సీసం లేని సోల్డర్ (లెడ్ ఫ్రీ) వాడితే ఎక్స్‌ట్రాక్టర్ అక్కర్లేదా? ఇంకా ఎక్కువ కావాలి. అది 217 దాటాక గానీ కరగదు, బిట్ వేడి పెంచుతాం, ఫ్లక్స్ ఎక్కువ కాలుతుంది. ఫ్లక్స్ మీద రాసే "నో క్లీన్" అంటే బోర్డు కడగనక్కర్లేదని, పొగ మంచిదని కాదు. కొందరు అనుకున్నట్టు బెల్లం, అరటిపండు తింటే పొగ కడుక్కుపోదు, తిండి పోయే దారి వేరు. ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది, వాయువులను ఆపదు.

స్పాంజి ఫ్యాను ఇప్పటికే కొన్నవాళ్ళు బాధపడొద్దు. స్పాంజి తీసేసి, వెనక భాగం బయటికి ఉండేలా కిటికీలో బిగించి, చుట్టూ సందులు అట్టతో మూసి, టేబుల్‌ను కిటికీకి ఆనించండి. పొడుగు పైపు తగిలించొద్దు, అంత దూరం నెట్టే బలం దానికి లేదు. తర్వాత అగరుబత్తి వెలిగించి చూసుకుని, పొగ ఎటు పోతోందో ఫొటో పంపండి.