బ్రిటన్ ‘కొత్త’ యూనివర్సిటీలు: అపోహలు – వాస్తవాలు

హెర్ట్‌ఫర్డ్‌షైర్, గ్రీనిచ్, కొవెంట్రీ వంటి యూనివర్సిటీల పేర్లు బ్రిటన్‌కు పిల్లల్ని పంపే తెలుగు ఇళ్లలో ఇప్పుడు బాగా వినిపిస్తున్నాయి. ఒకప్పుడు పాలిటెక్నిక్‌లుగా ఉండి 1992లో యూనివర్సిటీ హోదా పొందిన ఇలాంటి సంస్థలనే ‘కొత్త’ యూనివర్సిటీలు అంటారు. వాటి చరిత్ర గురించి మాత్రం సగం నిజాలే ప్రచారంలో ఉన్నాయి. బ్రిటిష్ ఉన్నత విద్య చరిత్రను బోధించే క్రమంలో నాకు తరచూ ఎదురయ్యే కొన్ని అపోహలను, ప్రధానంగా లండన్‌కు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్న హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీని ఉదాహరణగా తీసుకుని, ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ఇవి 1992లో పుట్టిన యూనివర్సిటీలు.

వాస్తవం: 1992లో వచ్చినది హోదా మాత్రమే. పాలిటెక్నిక్‌లు యూనివర్సిటీ అన్న పేరు పెట్టుకోవడానికీ, సొంతంగా డిగ్రీలు ఇవ్వడానికీ ఆ ఏడాది పార్లమెంటు చేసిన చట్టం వీలు కల్పించింది. భవనాలు, అధ్యాపకులు, కోర్సులు అంతకు ముందే ఉన్నాయి. హాట్‌ఫీల్డ్‌లో ఈ చరిత్ర విమానాలతో మొదలవుతుంది. డి హావిలాండ్ కంపెనీ కర్మాగారం, విమానాశ్రయం ఆ ఊళ్లోనే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన మస్కిటో, 1949లో ప్రపంచపు తొలి జెట్ ప్రయాణికుల విమానమైన కామెట్ మొదటిసారి ఎగిరింది అక్కడి నుంచే. ఆ కంపెనీ ఛైర్మన్ అలన్ బట్లర్ 1944లో విద్యావసరాల కోసం ఇచ్చిన స్థలంలో 1952లో టెక్నికల్ కాలేజీ వెలిసింది. అదే 1969లో హాట్‌ఫీల్డ్ పాలిటెక్నిక్‌గానూ, 1992లో యూనివర్సిటీగానూ మారింది. 1990ల తొలి సంవత్సరాల్లో విమానాల తయారీ ఆ ఊరి నుంచి వెళ్లిపోగా, 2003లో పాత విమానాశ్రయపు నేలలో కొంత భాగంపై యూనివర్సిటీ రెండో క్యాంపస్ తెరుచుకుంది. కాలేజీకి ప్రాణం పోసిన పరిశ్రమ స్థలంలోకి ఆ కాలేజీయే విస్తరించడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచే ఘట్టం. ఇక ఇలాగే 1992లో హోదా పొందిన లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీ మూలాలు 1838 నాటివి. ‘పాత’ యూనివర్సిటీగా గౌరవం పొందే బర్మింగ్‌హామ్‌కు యూనివర్సిటీగా గుర్తింపునిచ్చే రాయల్ చార్టర్ దక్కింది 1900లో.

అపోహ: పాలిటెక్నిక్‌లు కాబట్టి 1992కు ముందు ఇవి డిప్లొమాలే ఇచ్చేవి.

వాస్తవం: పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి చేరే మన పాలిటెక్నిక్‌లను చూసినవారు ఇలా అనుకోవడం సహజమే గానీ, బ్రిటన్‌లోని వ్యవస్థ వేరు. 1965లో విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ వుల్విచ్ పాలిటెక్నిక్‌లో (నేటి గ్రీనిచ్ యూనివర్సిటీకి మూలం అదే) చేసిన ప్రసంగంలో, స్వతంత్ర యూనివర్సిటీలు ఒకవైపు, స్థానిక ప్రభుత్వాల అధీనంలోని ఉన్నత విద్యాసంస్థలు మరొకవైపు ఉండే జంట విధానాన్ని ప్రకటించారు. ఆ విధానం కిందనే 1969 నుంచి సుమారు 30 పాలిటెక్నిక్‌లు ఏర్పడ్డాయి. వాటి విద్యార్థులకు పట్టాలు ఇచ్చేందుకు 1964లోనే ఒక జాతీయ మండలి ఏర్పాటైంది. బయటి నిపుణుల బృందాలు కోర్సును పరిశీలించి ఆమోదించాకే అది డిగ్రీకి అర్హమయ్యేది. ఆ మండలి ఆనర్స్ డిగ్రీలనే కాక పీహెచ్‌డీలను కూడా ఇచ్చింది. తమ కోర్సులను బయటివారి ముందు ఇంత కఠినంగా సమర్థించుకోవలసిన అవసరం ఆనాటి పాత యూనివర్సిటీలకు లేదని గుర్తు చేయడం న్యాయం.

అపోహ: ఫీజులు ఎక్కువ కాబట్టి ఇవి ప్రైవేటు సంస్థలు.

వాస్తవం: 1989 వరకు ఇవి స్థానిక కౌన్సిళ్ల అధీనంలో నడిచాయి, 1988 నాటి విద్యా చట్టంతో స్వతంత్ర సంస్థలయ్యాయి. లాభాలు పంచుకునే వాటాదారులు వీటికి లేరు. విదేశీ విద్యార్థుల నుంచి పూర్తి ఖర్చు వసూలు చేయాలన్న నియమం 1980లో ప్రభుత్వ నిర్ణయంతో వచ్చింది, అది పాత యూనివర్సిటీలకూ వర్తించింది.

అపోహ: రస్సెల్ గ్రూప్ అంటే ప్రభుత్వం ఇచ్చే అగ్రశ్రేణి గుర్తింపు.

వాస్తవం: కాదు. అది పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే కొన్ని యూనివర్సిటీలు తమ ప్రయోజనాల కోసం 1994లో ఏర్పరచుకున్న సంఘం. ఇప్పుడు అందులో 24 సంస్థలు ఉన్నాయి. స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పాతదైన సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ ఆ 24లో లేదు.