కమిషనర్స్ కోర్టు అంటే న్యాయస్థానం కాదు: టెక్సస్ కౌంటీ బోర్డు గురించి మనవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

ఒక మంగళవారం ఉదయం కౌంటీ బోర్డు సమావేశంలో డెబ్బై దాటిన తెలుగు పెద్దాయన ఒకరు మైకు ముందుకొచ్చారు. వానొస్తే తమ ఇంటి ముందు రోడ్డు మునిగిపోతోందని, మనవడి స్కూలు బస్సు కూడా రావడం లేదని చెప్పుకున్నారు. మూడు నిమిషాలు. ఎదురుగా కూర్చున్న ఐదుగురూ శ్రద్ధగానే విన్నారు. జడ్జి గారు ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచారు. ఒక్కరూ బదులు పలకలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. వరండాలోకి వెళ్లి పలకరిస్తే, "నా మాట వీళ్లకి లెక్కలేదా అమ్మా?" అని అడిగారు. లెక్కలేక కాదు, ఆ క్షణంలో దాని మీద చర్చకు దిగడానికి చట్టం వాళ్లకి వీలివ్వదు. అది ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత నొచ్చుకునేవారు కాదు.

ఉత్తర టెక్సస్‌లోని ఒక కౌంటీలో ఆ బోర్డుకి అజెండా తయారుచేసే ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ పదకొండేళ్లలో కొలిన్, డెంటన్ కౌంటీల్లో మనవాళ్లు ఎంత పెరిగారో ఇక్కడుండే వాళ్లకి చెప్పక్కర్లేదు. ఇళ్లు కొన్నాం, గుళ్లు కట్టుకున్నాం, పన్నులు కడుతున్నాం. కౌంటీ ఎలా నడుస్తుందో మాత్రం చాలామందికి తెలియదు. నన్ను తరచూ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: కమిషనర్స్ కోర్టు అంటే కేసులు విచారించే చోటు, కౌంటీ జడ్జి అంటే లాయరు చదివిన న్యాయమూర్తి.

పేరు వల్ల వచ్చిన తికమక ఇది. వేరే రాష్ట్రాల్లో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అనో, కౌంటీ కమిషన్ అనో పిలిచేదాన్నే టెక్సస్‌లో కమిషనర్స్ కోర్టు అంటారు. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఈ రూపం ఇచ్చింది: కౌంటీ మొత్తం ఓట్లతో గెలిచిన జడ్జి ఒకరు, నాలుగు ప్రిసింక్టుల (కౌంటీని విడగొట్టిన భాగాల) నుంచి నలుగురు కమిషనర్లు. బడ్జెట్, రోడ్లు, జైలు, కౌంటీ భవనాలు, కొనుగోళ్లు వీళ్ల పని. జడ్జి సభాధ్యక్షుడు, ఆయన ఓటూ ఒక ఓటే. ఆయన లాయరై ఉండాలన్న నియమం లేదు. రాష్ట్ర చట్టాల గురించి బాగా తెలిసినవారై ఉండాలని మాత్రమే రాజ్యాంగం అంటుంది. చిన్న కౌంటీల్లో వీలునామాల వంటి వ్యవహారాలు జడ్జే వింటారు, పెద్ద కౌంటీల్లో ఆయన పని దాదాపు పూర్తిగా పరిపాలనే.

రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. 2020 జనగణనలో 64 మంది మాత్రమే తేలిన లవింగ్ కౌంటీకీ ఐదుగురే, 47 లక్షల మంది ఉన్న హారిస్ కౌంటీకీ ఐదుగురే. అంటే హ్యూస్టన్ వైపు ఒక్కో కమిషనరు దాదాపు 12 లక్షల మందికి ప్రతినిధి. మీ ఫోను ఆయనే ఎత్తలేదంటే ఇదొక కారణం. కమిషనరు ఆఫీసులో రోడ్ల పని చూసే సిబ్బందికి చేయండి, పని అక్కడే కదులుతుంది.

అపోహ: కౌంటీ జడ్జి మన జిల్లా కలెక్టర్ లాంటివారు. ఆయనకి చెబితే షెరిఫ్‌ని (కౌంటీ పోలీసు అధిపతిని) పిలిచి అడుగుతారు.

ఈ పోలిక మనవాళ్ల నోట రోజూ వింటాను. ఊళ్లో సోమవారం ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇస్తే, కలెక్టర్ దాని మీద రాసి సంబంధిత శాఖకి పంపుతారు. అన్ని శాఖలూ ఆయన మాట వింటాయి. ఇక్కడ అలా కాదు. షెరిఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ, కౌంటీ క్లర్క్, టాక్స్ అసెసర్-కలెక్టర్ అందరూ విడివిడిగా ప్రజల ఓట్లతో గెలిచినవాళ్లు. బోర్డు వాళ్లకి డబ్బు ఇవ్వగలదు, తగ్గించగలదు, కానీ వాళ్ల పని ఎలా చేయాలో ఆదేశించలేదు. కౌంటీ ఆడిటర్‌ని కూడా బోర్డు నియమించదు, డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జీలు నియమిస్తారు. కౌంటీ చెల్లించాల్సిన ప్రతి బిల్లూ ఆడిటర్ సరిచూశాకే బోర్డు ముందుకొస్తుంది. ఖర్చుపెట్టేవారూ లెక్క చూసేవారూ ఒకరే కాకూడదని చేసిన ఏర్పాటు ఇది. నాకు ఈ వ్యవస్థలో బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

అపోహ: ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద కౌంటీ పేరుంది కాబట్టి పన్ను పెంచింది కౌంటీయే.

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ల కోపమంతా ఇక్కడే ఖర్చవుతోంది.

టెక్సస్‌లో చాలాచోట్ల కౌంటీ టాక్స్ ఆఫీసు తన పన్నుతో పాటు సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ డిస్ట్రిక్టుల పన్ను కూడా వసూలు చేసిపెడుతుంది. అందుకే ఒకే బిల్లు, పైన కౌంటీ పేరు. లోపలి వరుసలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. కొలిన్ కౌంటీలో కౌంటీ రేటు కొన్నేళ్లుగా వంద డాలర్ల విలువకు 15 సెంట్ల దగ్గర ఉంది. స్కూల్ డిస్ట్రిక్టు రేటు డాలరుకి అటూ ఇటూగా ఉంటుంది. బిల్లులో సింహభాగం బడిదే. బడి రేటు గురించి కౌంటీ బోర్డు ముందు ఎంత గట్టిగా మాట్లాడినా ఏమీ కాదు, అది వేరే ఎన్నికైన బోర్డు.

ఇక ఇంటి విలువ. దాన్ని కట్టేది కమిషనర్లు కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. 1979లో వచ్చిన చట్టంతో ప్రతి కౌంటీకీ ఇది ఏర్పడింది. వసంతంలో మీకొచ్చే విలువ నోటీసు పంపేది వాళ్లే. అది ఎక్కువనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే ఆ తేదీ లోపు ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయాలి. సెప్టెంబరులో మా సమావేశానికి వచ్చి "నా ఇంటికి అంత విలువ లేదు" అంటే, ఆ మాట ఎంత నిజమైనా అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది.

అయితే బోర్డు చేతిలో ఏముంది? రేటు ఉంది. మినహాయింపు ఉంది. సొంతింట్లో ఉండేవారికి హోమ్‌స్టెడ్ విలువలో 20 శాతం దాకా కౌంటీ పన్ను నుంచి మినహాయించే అధికారం బోర్డుకి ఉంది, కానీ ఆ నిర్ణయం జూలై 1 లోపే తీసుకోవాలి. అడగదలుచుకుంటే మార్చి, ఏప్రిల్‌లో అడగండి. రేటు విషయంలో 2019 చట్టం ఒక గీత గీసింది. పాత ఆస్తుల మీద కౌంటీ నిర్వహణ ఖర్చుల కోసం వచ్చే పన్ను రాబడి 3.5 శాతం కంటే ఎక్కువ పెరిగేలా రేటు పెడితే, ఓటర్ల అనుమతి తీసుకోవాల్సిందే.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మామూలు పనులకు ఐదుగురిలో ముగ్గురుంటే కోరం. పన్ను వేయడానికి మాత్రం కనీసం నలుగురు కూర్చుని ఉండాలి. హారిస్ కౌంటీలో 2019లో, మళ్లీ 2022లో ఇద్దరు కమిషనర్లు కావాలనే సమావేశానికి రాలేదు. మిగిలిన ముగ్గురికీ మెజారిటీ ఉన్నా ప్రతిపాదించిన రేటు ఆమోదించలేకపోయారు. చట్టం ప్రకారం దక్కే తక్కువ రేటుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అపోహ: మాట్లాడితే మౌనంగా కూర్చున్నారంటే ముందే నిర్ణయించేసుకున్నారన్నమాట.

మొదట్లో చెప్పిన పెద్దాయన బాధ ఇదే. టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం 1967 నుంచి ఉంది. దాని గుండెకాయ ఒక్కటే: అజెండాలో లేని విషయం మీద బోర్డు చర్చించకూడదు. మీరు అజెండాలో లేని రోడ్డు గురించి మాట్లాడితే వాళ్లు మూడే చేయగలరు. ఒక వాస్తవ సమాచారం చెప్పొచ్చు, ఉన్న విధానం గుర్తుచేయొచ్చు, తర్వాతి అజెండాలో పెడదామని అనొచ్చు. అంతకు మించి చర్చలోకి దిగితే, ఆ విషయంలో ఆసక్తి ఉన్న మిగతా ప్రజలకి తెలియకుండా సమావేశం జరిపినట్టే. మీ పక్కింటాయనకి ఆ రోడ్డు వెడల్పు చేయడం ఇష్టం లేకపోవచ్చు కదా, ఆయనకీ ముందుగా తెలియాలి.

కాబట్టి మైకు దగ్గరికి రావడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ ప్రిసింక్టు కమిషనరు ఆఫీసుకి రాసి, విషయాన్ని అజెండాలో పెట్టమని అడగండి. అజెండాలో ఉన్న అంశం మీదైతే, బోర్డు దాన్ని తేల్చే ముందుగానీ తేల్చేటప్పుడుగానీ మీకు మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలని 2019లో చట్టం మారింది. నోటీసు గడువు కూడా మారింది. అంతకుముందు 72 గంటల ముందు అతికిస్తే సరిపోయేది, శనాదివారాలు కూడా అందులో కలిసిపోయేవి. 2025 సెప్టెంబరు నుంచి మూడు పనిదినాలు. మా ఆఫీసుకి పని ఒత్తిడి పెరిగింది, నిజమే. కానీ శుక్రవారం సాయంత్రం చూసి సోమవారం పరుగెత్తే అవస్థ జనానికి తప్పింది. నేను దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానించాను.

అపోహ: కన్సెంట్ అజెండా అంటే గుట్టుగా దాటించేసే జాబితా.

సమావేశం మొదట్లో జడ్జి "కన్సెంట్ అజెండా మీద ఏమైనా ఉందా?" అని అడుగుతారు, ఎవరో ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు, ముప్ఫై నలభై అంశాలు అర నిమిషంలో ఆమోదం పొందుతాయి. మొదటిసారి చూసినవాళ్లకి గుండె గుభేల్మంటుంది. నాకూ అలాగే అయింది.

అందులో ఏముంటాయో చూద్దాం. ఆడిటర్ సరిచూసిన బిల్లులు, గత సమావేశం మినిట్స్, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి చిన్న సర్దుబాట్లు, జైలు వంటగది సామాన్ల టెండరు పొడిగింపు, షెరిఫ్ వాహనాల కొనుగోలు, మురుగునీటి కాలువకి ఎవరో ఇచ్చిన ఈజ్‌మెంటు (తమ స్థలాన్ని వాడుకోనిచ్చే హక్కు), రాష్ట్రం నుంచి వచ్చిన గ్రాంటు. ప్రతి అంశానికీ వెనక కాగితాలుంటాయి. కమిషనర్లు వాటిని ముందురోజుల్లోనే చదువుకుని మా ఆఫీసుకి ఫోన్లు చేసి నిలదీస్తారు. అర నిమిషం కనిపించేది అక్కడ, పని జరిగేది ఇక్కడ.

ఏ సభ్యుడైనా ఒక్క మాటతో ఏ అంశాన్నయినా జాబితా నుంచి తీసి విడిగా చర్చకు పెట్టించవచ్చు. మీకు అనుమానం ఉంటే, సమావేశానికి ముందురోజు మీ కమిషనరుకి ఒక ఈమెయిలు రాసి ఫలానా నంబరు అంశాన్ని విడిగా చర్చించమనండి. అలా అడిగేవాళ్లు చాలా తక్కువ. నా దృష్టిలో కౌంటీ నిజంగా ఎలా బతుకుతోందో చెప్పేది కన్సెంట్ జాబితాయే. పెద్ద ప్రసంగాల రోజు కంటే ఈ జాబితా ఆరు నెలలు చదివితే ఎక్కువ తెలుస్తుంది.

అపోహ: తలుపులు మూసుకుని లోపల ఓట్లు వేసేసుకుంటారు.

తలుపులు మూసి జరిపే ఎగ్జిక్యూటివ్ సెషన్‌కి చట్టం చెప్పిన కారణాలే ఉండాలి: లాయరు సలహా, భూమి కొనుగోలు, ఒక ఉద్యోగి విషయం, భద్రత వంటివి. లోపల మాట్లాడుకోవచ్చు, తుది నిర్ణయం బయటికొచ్చి అందరి ముందే తీసుకోవాలి. కారిడార్లో ముగ్గురు కమిషనర్లు కలిసి కౌంటీ పని మాట్లాడుకున్నా అది నోటీసు లేని సమావేశమే అవుతుంది. ఒకరితో మాట్లాడి, ఆ మాట ఇంకొకరికి చేరవేసి, అలా ముగ్గురినీ చుట్టబెట్టడం కూడా నేరమే. పెళ్లి విందులో ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్పులేదు, కౌంటీ విషయాలు ఎత్తకపోతే చాలు.

అపోహ: నేను హెచ్-1బీ మీద ఉన్నాను, మా అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాదు. మాకు అక్కడ మాట్లాడే హక్కు లేదు.

ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి. మాట్లాడటానికి అక్కర్లేదు. చట్టంలో ఉన్న మాట "ప్రజల్లో ప్రతి ఒక్కరూ" అనే. ఇంకో మంచి విషయం: బోర్డు సమయానికి పరిమితి పెడితే, దుబాసీ ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అందరికీ మూడు నిమిషాలైతే మీ నాన్నగారికి ఆరు. ఆయన తెలుగులో మాట్లాడితే మీరు ఇంగ్లీషులో చెప్పొచ్చు. ఇది 2019 నుంచీ చట్టంలో ఉంది. వాడుకున్న తెలుగువాళ్లని ఈ కళ్లతో ఇద్దరినే చూశాను.

అపోహ: మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఏం కట్టాలో కౌంటీయే నిర్ణయిస్తుంది, ఆపొచ్చు.

సిటీ హద్దుల బయట ఇల్లు కొనేవాళ్లు సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సింది ఇది. టెక్సస్ కౌంటీలకి, కొద్ది మినహాయింపులు తప్ప, జోనింగ్ అధికారం లేదు. పక్క స్థలంలో కాంక్రీటు బ్యాచ్ ప్లాంటు వస్తుంటే దాని పర్మిట్ రాష్ట్ర పర్యావరణ కమిషన్ చేతిలో ఉంటుంది. లేఅవుట్ ప్లాట్ (భూమిని ఇళ్ల స్థలాలుగా విడగొట్టే నక్షా) మా బోర్డు ముందుకొస్తుంది నిజమే, కానీ నియమాలన్నీ పాటిస్తే దాన్ని ఆమోదించక తప్పదు. అది కూడా 30 రోజుల్లో తేల్చాలి. రోడ్డు కూడా అంతే. కౌంటీ నిర్వహణకి అధికారికంగా తీసుకున్న రోడ్డయితేనే కౌంటీ బాగుచేస్తుంది. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) సొంత రోడ్డయితే ఒక తట్ట కంకర కూడా వేయలేదు.

పెద్దాయన దగ్గర మొదట కనుక్కున్నది కూడా అదే. అదృష్టం, కౌంటీ రోడ్డే. కోడలితో కలిసి ప్రిసింక్టు ఆఫీసుకి వెళ్లారు, వానలో తీసిన ఫొటోలు ఇచ్చారు. కల్వర్టు వెడల్పు చేయడానికి పక్క స్థలం యజమాని ఈజ్‌మెంటు ఇవ్వాల్సి వచ్చింది, దానికి నెలలు పట్టింది. ఆ ఈజ్‌మెంటు బోర్డు ముందుకొచ్చిన రోజు ఆయన పంచె కట్టుకుని, ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని మొదటి వరుసలో కూర్చున్నారు. కన్సెంట్ అజెండా అర నిమిషంలో అయిపోయింది. ఇంకా తన పేరు పిలుస్తారని చూస్తూనే ఉన్నారు. పక్కకి వెళ్లి కూర్చుని, అజెండాలో ఆ వరుస వేలితో చూపించాను.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది బాబాయ్ గారూ. ఇదిగో, మీ రోడ్డు పేరు."

ఆ కాగితం ఇమ్మని అడిగి, మడిచి జేబులో పెట్టుకున్నారు.